జిల్లేడు పాదు

పరంధామయ్య ఇల్లు కట్టుకున్న చోటు మనుషులు ఇల్లు కట్టుకునే చోటు కాదు. చిత్తూరు దాటి పూతలపట్టు పోయే బాటలో, ఎండాకాలం మేకలు కూడా ఎక్కని ఒక బండ మీద కట్టాడు. బెల్లం మండీ పెట్టి బాగా గడించిన మనిషి, బజారువీధిలో చక్కని ఇల్లున్న మనిషి, దొరల బంగళాలన్నీ ఎత్తు మీద ఉంటాయి గనక తనదీ ఎత్తు మీదే ఉండాలని పట్టుబట్టాడు. ఎవరు చెప్పినా వింటేనా! ఇల్లు గొప్పగానే లేచింది, కాదనను. చుట్టూ మాత్రం పిడికెడు మన్ను లేదు. పొద్దున ఎక్కిన వేడి రాత్రి భోజనాల వేళకు కూడా ఆ బండను వదిలేది కాదు.

ఆ ఇంటికి వసంతమ్మ మూడో పెళ్ళాంగా వచ్చింది. ఆమెది వడమాలపేట. నాయన చిన్నబ్బ పూలతోటల మనిషి. ఆయన తోటలో కోసిన కనకాంబరాలు, మరువం తెల్లవారేసరికి తిరుపతి బజారులో ఉండేవి. పరంధామయ్య మొదటి పెళ్ళాం కాన్పులో పోయింది. రెండో ఆమె కూడా కాన్పులోనే పోయింది. బిడ్డలూ దక్కలేదు. అయినా చిన్నబ్బ పిల్లనిచ్చాడంటే ఏమనాలి? మండీని చూసి ఇచ్చాడు, ఇంకేమనాలి!

పెళ్ళినాడే ఆమె మెడలో పుస్తెలతో పాటు రెండు చిన్న బంగారు బిళ్ళలు పడ్డాయి. సవతి బిళ్ళలు. ముందు పోయినవాళ్ళను అట్లా మెడలో పెట్టుకుని మోస్తే వాళ్ళు కోపం తెచ్చుకోరని ఆ వైపు నమ్మకం. వసంతమ్మ మోసింది. తలస్నానం చేసిన రోజున పుస్తెలకు పసుపు రాసినట్టే వాటికీ రాసేది.

కాపురానికి వచ్చిన వారానికే ఆమెకు పిచ్చెక్కినంత పనైంది. బుద్ధెరిగినప్పటి నుంచి పచ్చని మళ్ళ మధ్య తిరిగిన పిల్ల. ఇక్కడ కిటికీ తెరిస్తే రాయి, తలుపు తెరిస్తే రాయి. ఒకరోజు మొగుడు అన్నానికి కూర్చున్నప్పుడు అడిగేసింది.

“ఈడ తోట ఏసుకుంటానండీ.”

పరంధామయ్య ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. “బండ మీదనా?”

“బండ మీదనే. మన్ను తోలిచ్చుకుంటా. మీరు మనుషుల్ని పిలిపియ్యండి, సాలు.”

ఆయన నవ్వాడు. మంచి నవ్వు. పరంధామయ్య చెడ్డవాడు కాడు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. చెడ్డవాడైతే ఈ కథే లేదు.

రాళ్ళు కొట్టే మునెయ్యను పిలిపించాడు. మునెయ్య పలుగూ సమ్మెటా పట్టుకుని వచ్చి, “యాడ మొదలుపెట్టేదమ్మా?” అంటే వసంతమ్మ “వాన పడనీ” అంది. తొలివాన పడగానే కొంగు నెత్తిన కప్పుకుని బండంతా తిరిగింది. నీళ్ళు ఎక్కడ చేరి ఎటు జారుతున్నాయో చూసుకుంటూ తిరిగింది. పరంధామయ్య అక్క నాగరత్నమ్మ వసారాలో నిలబడి బుగ్గలు నొక్కుకుంది. మొగుడు పోయి చిన్నతనంలోనే తమ్ముడి పంచన చేరిన మనిషి, ఇంటి పెత్తనమంతా ఆమెదే. “ఏమే, నీకేమన్నా గాలి సోకిందా? లోపలికి రా!” అని ఎంత అరిచినా వసంతమ్మ వినిపించుకోలేదు.

వాన వెలిశాక నీళ్ళు జారిన దారులకు అడ్డంగా బొగ్గుతో గీతలు గీసింది. ఆ గీతల మీద మునెయ్య రాతి గట్లు కట్టాడు. గట్ల వెనక ఎండిపోయిన చెరువులోంచి ఒండ్రు మట్టి బండ్లతో తోలించి, పేడ ఎరువు కలిపి నింపారు. అట్లా ఇంటి ముందు నుంచి బండ నెత్తి దాకా మెట్లు మెట్లుగా మళ్ళు లేచాయి. మన్ను లోతున్న చోట మల్లె, నందివర్ధనం పెట్టింది. జానెడే ఉన్న చోట చేమంతి, కనకాంబరం. మన్ను నిలవని నెర్రెల్లో గడ్డిరోజా. పడమటెండ మాడ్చేసే పక్క కలబంద. ఎక్కడ ఏది బతుకుతుందో, ఏది చస్తుందో ఆ పిల్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అది చిన్నబ్బ ఇంటి విద్య.

భాద్రపదం వచ్చేసరికి బాటన పోయే బండ్లవాళ్ళు ఎడ్లను ఆపి తలెత్తి చూడసాగారు. యుద్ధం అప్పుడే ముగిసింది. జనానికి మళ్ళీ పూల వంక చూసే తీరిక దొరికింది. ఊళ్ళో పెద్దమనుషులు కలిసి మాఘమాసంలో తోటల పోటీ పెడుతున్నారనీ, ఇంటింటికీ వచ్చి చూసి బాగున్నదానికి వెండి కప్పు ఇస్తారనీ తెలిసి పరంధామయ్య పొంగిపోయాడు. “ఆ కప్పు మనింటికి రాకుండా యాడికి పోతాది!” అని మండీలో అందరితో చెప్పుకున్నాడు. వసంతమ్మకు కాన్పు కూడా మాఘంలోనే. ఆమె కడుపు మీద చెయ్యి వేసుకుని, రెండూ ఒకసారే వస్తాయని నవ్వుకుంది. అదే ఆమె దిగులు లేకుండా నవ్విన చివరి నవ్వు.

బండ నెత్తిన ఒక పెద్ద గుండు ఉంది. దాని వెనక నెర్రెలో నిలువెత్తు తెల్ల జిల్లేడు పెరిగి ఉంది. ఇంటి నుంచి చూస్తే పై ఆకులు మాత్రం కనిపిస్తాయి. ఆ మూల కూడా గట్టు కట్టి, సంపంగి నాటి, పోటీ చూడవచ్చే పెద్దలకు ఒక రాతి అరుగు వేయించాలని వసంతమ్మ ఆలోచన. “ఆ పిచ్చి సెట్టు కొట్టేయ్ మునెయ్యా” అని చెప్పి తను కింది మడిలో కూర్చుంది.

మునెయ్య ఎత్తిన గొడ్డలి మొదటి దెబ్బకే రాతి మీద జారింది. మనిషి పక్కకు పడ్డాడు. మణికట్టు పుటుక్కుమన్న చప్పుడు వసంతమ్మకు కింది దాకా వినబడింది. ఆమె పైకి పరుగెత్తేసరికి మునెయ్య చెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. నొప్పికి అరవడం లేదు, జిల్లేడు మొదలునే చూస్తున్నాడు.

“దాన్ని నేను కొట్టనమ్మా. దానికి తాళి ఉండాది.”

నిజమే. ఎండకూ వానకూ వెలిసిపోయిన పసుపు తాడు, దానికి ఎండిపోయిన పసుపు కొమ్ము. మొదలు లావెక్కడంతో తాడు బెరడులోకి దిగిపోయి ఉంది.

మునెయ్యను కట్టు కట్టించుకోవడానికి పుత్తూరు బండెక్కించి, వసంతమ్మ వంటింట్లోకి పోయి నాగరత్నమ్మను అడిగింది. నాగరత్నమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది.

“నరకలేదా నా తమ్ముడు?”

“ఏంది వదినా అది? ఎవురికి కట్టినారు ఆ తాళి?”

నాగరత్నమ్మ చెప్పక తప్పలేదు. మూడో పెళ్ళి అచ్చిరాదు, మూడోది మిగలదు. అందుకని మూడో పెళ్ళికి ముందు జిల్లేడుకు తాళి కట్టిస్తారు. మూడోది అదవుతుంది. దాన్ని అక్కడికక్కడే నరికేస్తే మూడోదానికి రావలసిన చావు దాంతోనే పోతుంది. ఆ తర్వాత వచ్చే పిల్లది నాలుగో లెక్క, ఆమెకేమీ కాదు.

“నేను పెండ్లి సామాన్ల తావ ఉండిపోయినా వసంతా. నరికేసినా అక్కా అని వాడే సెప్పినాడు. అయ్యో, ఏం పాపిష్టి పని సేసినాడే వాడు!”

వసంతమ్మకు అంతా అర్థమైంది. మూడోది చావలేదు. దానికి రావలసిన చావు ఎక్కడికీ పోలేదు. ముందు ఇద్దరూ కాన్పులో పోయారు. తన కాన్పు మాఘంలో.

ఆ రోజు నుంచి ఆ ఇల్లు ఇల్లుగా లేదు. పొద్దున్నే బండ నెత్తికి పోతే జిల్లేడు మొదట్లో నెర్రె తడిగా ఉండేది. రాత్రి చినుకు కూడా పడి ఉండదు. ఎవరు పోశారు ఆ నీళ్ళు? మిట్టమధ్యాహ్నం, నాగరత్నమ్మ కునుకు తీసే వేళ, పై నుంచి ఎవరో తడిచీర జాడించిన చప్పుడయ్యేది. వసంతమ్మ కిటికీ దగ్గరికి పోయి చూస్తే ఎవరూ ఉండరు, జిల్లేడు ఆకులు ఒకసారి తెల్లగా తిరగబడి మళ్ళీ సర్దుకునేవి. అంత ఎండలోనూ మెడలో బిళ్ళలు చల్లగా తగిలేవి. బావి దగ్గరికి పోతే వెనక ఎవరో ఆగినట్టుండేది. తల తిప్పితే తన నీడ తప్ప ఏమీ లేదు. పైమడిలో మల్లెలు మొగ్గలోనే రాలిపోవడం మొదలుపెట్టాయి. ఆమెకు తెలిసిన తెగులేదీ అట్లా ఉండదు.

మునెయ్య పుత్తూరు నుంచి చేతికి వెదురు బద్దల కట్టుతో తిరిగొచ్చాడు. రెండో చేత్తో చేయగల పనంతా చేశాడు గానీ పైమడి దాటి ఒక్క అడుగు వేయలేదు. “అన్నింటికీ పోతా తల్లీ, ఆడికి మాత్రం నన్ను పంపీద్దు” అన్నాడు.

ఒకనాడు పొద్దుపొడుపు వేళ వసంతమ్మకు మెలకువ వచ్చింది. పక్కన మొగుడు లేడు. వసారాలోకి వస్తే బండ మీద తడి పాదాల గుర్తులు పైకి పోతున్నాయి. ఆమె వాటి వెంట పోయింది. ఏమైనా కానీ, చూసే చస్తాననుకుంది.

గుండు వెనక పరంధామయ్య ఉన్నాడు. చెంబుతో జిల్లేడుకు నీళ్ళు పోస్తున్నాడు. పోసి, ఆకుల మీద దుమ్మును చేత్తో తుడుస్తున్నాడు.

“మీరా!” అంది వసంతమ్మ.

ఆయన చేతిలోంచి చెంబు జారి బండ మీద దొర్లింది. దొంగతనం చేస్తూ దొరికినవాడు కూడా అంతగా తల దించుకోడు.

“నరకమని పురోహితుడు కత్తి సేతికిచ్చి దిగిపోయినాడు వసంతా. అప్పుడే కట్టినా దానికి తాళి, ముడి గూడా సరిగ్గా బిగియ్యలేదు. ఇద్దర్ని ఈ సేతుల్తో కాటికి మోసినా. మూడోదాన్ని నా సేత్తోనే సంపమంటే నాకు సెయ్యి రాలేదు. కొమ్మ ఒగటి ఇరిసి సూపిచ్చినా, అయిపోయిందని సెప్పినా.” ఆయన మళ్ళీ ఆకు మీద చెయ్యి వేశాడు. “అది ఏం పాపం సేసింది? సావనీకి పెండ్లి సేసుకునిందా?”

వసంతమ్మ అంతవరకూ మొగుణ్ణి మీరు అనే పిలిచింది. ఆ పొద్దు ఆ మీరు ఎగిరిపోయింది.

“దాని మీద జాలిపడినావే. నా మీద పడలేదా? నేనేం పాపం సేసినా? సావనీకి నేను పెండ్లి సేసుకున్నానా? దాన్ని బతికిస్తే ఆ సావు యాడికి పోతాదో నీకు తెలీదా? తెలిసే నా మెడలో కట్టినావా?”

ఆ మాట పరంధామయ్య ఎన్నడూ అనుకుని ఉండడు. జాలిగల మనుషులతో వచ్చే చిక్కే అది, కంటి ముందున్నదాని మీదే జాలంతా పోస్తారు.

“కొట్టు దాన్ని ఇప్పుడే” అంది. ఆయన కదల్లేదు. వసంతమ్మ కిందికి పోయి గడ్డి కోసే కొడవలి తెచ్చి, కడుపు అడ్డమొస్తున్నా వంగి, తాడు దిగిన చోటికి కింద తనే కోసింది. ఒక్క కోతకు తెగేది కాదు అది. తెగేదాకా కోసింది. తెల్లని పాలు ధారగా ఆమె చేతుల మీద కారాయి. ఎంత కడిగినా ఆ జిగట రెండు రోజులు పోలేదు. నాగరత్నమ్మ దిష్టి తీసి, “పీడ వదిలింది, ఇంక నీకేం భయం లేదు” అని తల నిమిరింది. ఆ రాత్రి వసంతమ్మ అన్నం తిని నిద్రపోయింది.

కార్తీక మాసపు వానలకు ఆ మోడు చిగిర్చింది. ఒక కొమ్మ ఉన్నచోట రెండు లేచాయి. రెండూ పక్కపక్కనే, సరిసమంగా.

వాటిని చూసిన నాడు వసంతమ్మ బిళ్ళలు రెండింటినీ పిడికిట బిగించి పట్టుకుని కూర్చుండిపోయింది. ఎవరెవరో ఆమె చెప్పనక్కర్లేదు, ఇంట్లో అందరికీ తెలుసు. మునెయ్యను కేకేసి నాగరత్నమ్మ అడిగింది. “రాతి కింద నిప్పు పెట్టి, కాలినాక నీళ్ళు కొట్టి పగలేస్తారు గదా మీరు. అట్ల ఆ బండను పగలేసి యేరుతో సహా పీకేయండి.”

మునెయ్య గుండు చుట్టూ దూరంగానే తిరిగి, సమ్మెటతో తట్టి, చప్పుడు విన్నాడు. తట్టుకుంటూ ఇంటి దాకా దిగాడు. తూర్పు గది గోడ దగ్గర ఆగిపోయాడు.

“ఇది ఒగటే బండమ్మా. ఆ నెర్రె కాణ్ణించి ఈ గది కిందికి వచ్చేసుండాది. ఆడ నిప్పు పెడితే ఈడ గోడ పగుల్తాది. దాని యేరు గూడా ఈ గది కిందికే వచ్చుంటాది.”

తూర్పు గది పురిటికి సిద్ధం చేస్తున్న గది.

ఇక చేసేదేమీ లేదని తెలిశాక మనిషికి ఒక రకం ధైర్యం వస్తుంది. మార్గశిరంలో ఒక మధ్యాహ్నం వసంతమ్మ ఆయాసపడుతూ పైకెక్కి జిల్లేడు పక్కన కూలబడింది. కోసిన చోట బెరడు నల్లబడి ఉంది. ఎండిపోయిన మొదలు ముక్కతో పాటు ఆ తాడు నెర్రెలో ఇంకా పడి ఉంది. దాన్ని తీసి చూసింది. తన మెడలో ఉన్నట్టే మూడు ముళ్ళు ఉన్నాయి. ఒకటి వదులు.

తాళి కట్టేటప్పుడు ఈ చెట్టును ఎవరూ అడగలేదు. తననూ ఎవరూ అడగలేదు. దీన్ని చావడానికి తెచ్చారు, తనను కనడానికి తెచ్చారు. అంతేగా తేడా! ఈ చెట్టును తలుచుకుని ఇన్ని రోజులూ వణికింది. కానీ కొడవలి పట్టుకుని వచ్చింది తను, అది తన మీదికి రాలేదు. వసంతమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. బండ మీద ఒక్కతే కూర్చుని గట్టిగానే ఏడ్చింది.

“అక్కా, నిన్ను కోసిన సెయ్యి ఇదే. తప్పయిపోయింది. నువ్వూ బతుకు, నన్నూ బతకనీ” అంది.

తోట గీత మార్చేసింది. అరుగు వద్దంది, సంపంగి వద్దంది. నెర్రె చుట్టూ తన చేతుల్తోనే రాళ్ళు పేర్చి, ఒండ్రు మట్టి తెచ్చి పోసి, నీళ్ళు జారిపోకుండా గట్టి పాదు కట్టింది. కిందినుంచి పైకి వచ్చే దారినంతా ఆ జిల్లేడు దగ్గరికే వచ్చి ఆగేటట్టు తిప్పింది. పొద్దున పరంధామయ్య పోసేవాడు, సాయంత్రం ఆమె పోసేది. ఇద్దరూ దాచుకోవడం మానేశారు. ఆమె మళ్ళీ మీరు అనడం మొదలుపెట్టింది. పైమడి మల్లెలకు మొగ్గ నిలిచింది. మధ్యాహ్నాలు చప్పుడు లేదు. జిల్లేడు రెండు కొమ్మలకూ గుత్తులు గుత్తులుగా పూసింది. అంత మంచి తోట చిత్తూరు చుట్టుపక్కల లేదని చూసినవాళ్ళందరూ అన్నారు. వసంతమ్మ మాత్రం ప్రతి సాయంత్రం పాదు నిండా నీళ్ళు పోసి, అవి ఇంకేదాకా చూసి, ఆ తర్వాతే దిగేది.

మాఘంలో పోటీ ఇంకా రెండు రోజులుందనగా నొప్పులు మొదలయ్యాయి. మంత్రసాని గురవమ్మ వచ్చింది. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నమైనా తెగలేదు. బిడ్డ అడ్డం తిరిగిందని గురవమ్మ నాగరత్నమ్మ చెవిలో చెప్పింది. చెవిలో చెప్పిన మాటే వసంతమ్మకు అన్నిటికంటే స్పష్టంగా వినబడింది. అయిపోయిందనుకుంది. నాయన తోట గుర్తొచ్చింది. చావడం ఇష్టం లేదని అరిచింది, గదిలో అందరూ ఏడ్చారు.

అప్పుడు గుమ్మంలో ఇద్దరు కనబడ్డారు. ఆమె ఎన్నడూ చూడనివాళ్ళు, కానీ గుర్తుపట్టింది. ఇద్దరూ కడుపుతో ఉన్నారు. ఇద్దరూ చేతులు చాచి రమ్మంటున్నారు, కోపంగా కాదు, తోడు కావాలన్నట్టు. వసంతమ్మ కాళ్ళలోంచి వెచ్చదనం పోతోంది. లేచి పోవాలనిపించింది. అంతలో వాళ్ళిద్దరి వెనక నుంచి ఇంకొకామె వచ్చింది. జుట్టు తడిసి ఉంది, చీర తడిసి ఒంటికి అంటుకుని ఉంది, మెడ దగ్గర ఒక కోత. ఆమె వసంతమ్మ వంక చూడనైనా చూడలేదు. వాళ్ళిద్దరి చేతులూ పట్టుకుని, పదండి అన్నట్టు వెనక్కి తిప్పుకుని పోయింది. గడప మీద నీళ్ళు కారాయి.

“బిడ్డ తిరిగింది తల్లీ, పట్టుకున్నా, ఇంకొక్కసారి!” అని గురవమ్మ అరిచింది. ఆడపిల్ల. ఏడుపు బండ నెత్తి దాకా వినబడింది.

పోటీ నాటి సాయంత్రం వసంతమ్మ పసిదాన్ని పక్కలో వేసుకుని పడుకుని ఉంది. పోటీ పెద్దలు వచ్చారు, చూశారు, పోయారు. బయట ఇంకా సందడిగానే ఉంది. కిటికీ అవతల మునెయ్య దగ్గాడు.

“అమ్మా, సెప్పకూడదనుకున్నా. సెప్పకుంటే నాకు నిద్ర పట్టేటట్లు లేదు. పాప ఏడుపు ఇనబడినాక, అయ్య యాడ పోస్తాడులే ఈ సందట్లో, నేనే పోసొస్తామని నీళ్ళు తీసుకోని ధైర్యం సేసి పైకి పోయినా. అది వాలిపోయుండాది తల్లీ. రెండు కొమ్మలూ. ఆ పొద్దున నిలబడే ఉండె, నేను కిందినుంచి సూసినా. ఎవురూ ముట్టుకోలా. పట్టుకుంటే సేతికి ఊడొచ్చేసింది.” కిటికీ ఊచల్లోంచి ఒక తుండుగుడ్డ మూట లోపలికి అందించాడు. “పెద్దోళ్ళు వస్తారని ఆ తావున సేమంతి తొట్టి పెట్టేసినా. పురుడని అయ్య ఈ రెండు దినాలూ పైకి రాలా, పెద్దోళ్ళను నేనే తిప్పినా, ఆయనకింకా తెలీదు.”

వసంతమ్మ మూట విప్పింది. మనిషి చేతి లావు వేరు. నల్లబడి, మెత్తబడి, వేలు పెడితే దిగబడిపోతోంది. ఆ వాసన ఆమెకు కొత్తది కాదు. చిన్నబ్బ తోటలో కాలవ గట్టున నీళ్ళు నిలిచిన చోట్ల జిల్లేళ్ళు ఇట్లాగే కుళ్ళి పడిపోయేవి. గట్టున జిల్లేడు పోవాలంటే కత్తి ఎందుకు, మొదట్లో పాదు కట్టి నీళ్ళు నిలబెడితే చాలని ఆమె నాయన అనేవాడు, ప్రతి ఏడూ చేసే పనే. ఆ పాదులు కట్టింది ఎవరు? పావడా కట్టిన నాటి నుంచి తనే.

ఆమె ఆ వేరును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పసిపిల్ల ఏడ్చినా వినబడలేదు.

పరంధామయ్య గుమ్మం దగ్గరికి వచ్చాడు. పురిటి గది గనక లోపలికి అడుగు పెట్టకుండా నిలబడ్డాడు. చేతిలో వెండి కప్పు, ముఖం వెలిగిపోతోంది.

“సూడు వసంతా! మనకే ఇచ్చినారు. ఇట్లాంటి రాతి మీద ఇట్లాంటి తోట ఎట్లేసినారని పెద్దాయన అడగతానే ఉన్నాడు. నీ పేరు సెప్పినా.”

“అది కింద పెట్టండి” అంది వసంతమ్మ. “బాయి కాడికి పొయ్యి తలకి నీళ్ళు పోసుకోండి. మీ పెండ్లాం సచ్చిపోయింది.”

ఆయనకు ఒక నిమిషం అర్థం కాలేదు. ఆమె ఒళ్ళో ఉన్నది చూశాడు. కప్పు గడప పక్కన పెట్టి, తలుపు పట్టుకుని అట్లాగే కిందికి జారి కూర్చున్నాడు.

“ఎట్ల పోయింది?”

“నేను కట్టిన పాదుకు. మనిద్దరం పోసిన నీళ్ళకు. జిల్లేడుకు మొదట్లో నీళ్ళు నిలబడితే బతకదు.”

పరంధామయ్య తలెత్తి ఆమెను చూశాడు.

“అది నీకు ముందే తెలీదా వసంతా?”

వసంతమ్మ పసిదాని వంక చూసింది. అది పిడికిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది. ఎర్రగా, బతికి ఉంది.

“తెలీదని అబద్ధం సెప్పను. తెలిసే పోసినానా అంటే, అదీ సెప్పలేను. రోజూ ఏడ్సుకుంటానే పోసినా.” ఆమె వేరును మళ్ళీ తుండుగుడ్డలో చుట్టి, మెల్లగా గడప దాకా జరిపింది. “లేయండి. నేను పురిటిదాన్ని, నాకు ఇప్పుడే తలకి పొయ్యరు. నా వంతు గూడా మీరే పోసుకోండి.”